పచ్చిక గొర్రె, దాణా గొర్రె: మాంసంలో మారేది ఏమిటో కొలిచిన ప్రాజెక్టు డైరీ

గింజలు మేపిన పశువు మాంసంలో ఒమేగా-6, ఒమేగా-3 అనే రెండు అసంతృప్త కొవ్వు ఆమ్లాల కుటుంబాల నిష్పత్తి పెరిగిపోతుందని, పచ్చిక మేసిన పశువు మాంసంలో అది తక్కువగా ఉంటుందని తరచుగా చదువుతుంటాం. ఆ మాట నిజమే. అయితే తినేవారి కంచంలోకి ఎంత కొవ్వు వస్తున్నదో, అందులో ఏ ఆమ్లం ఎన్ని మిల్లీగ్రాములున్నదో నిష్పత్తి ఒక్కటే చెప్పలేదు. ఆ రెండు లెక్కలనూ ఒకేచోట పెట్టడానికే ఈ పని చేపట్టాను. ఇదే పని చేయదలచినవారు నేరుగా వాడుకునేందుకు వీలుగా కొలతలు, విఫలమైన పద్ధతులు, వాటి స్థానంలో తెచ్చిన మార్పులు వరుసగా రాస్తున్నాను.

దశ 1: గుంపులు, మేత, తూకం

పాలు మాన్పించి, విత్తు కొట్టించిన 12 పొట్టేలు పిల్లలను తీసుకున్నాను. బరువులో దగ్గరగా ఉన్నవాటిని జంటలుగా చేసి, ప్రతి జంటలో ఏది ఏ గుంపులోకి వెళ్లాలన్నది చీటీ తీసి నిర్ణయించాను. కంటికి నచ్చినట్లు విడదీస్తే చురుకైన పిల్లలన్నీ ఒకే గుంపులో చేరే ప్రమాదం ఉంటుంది; ఆ తరువాత తేడా మేతదో, పిల్లదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

పచ్చిక గుంపుకు గడ్డి, చిక్కుడు జాతి మొక్కలు కలిసిన పచ్చిక, నీరు, గొర్రెల ఖనిజ మిశ్రమం మాత్రమే ఇచ్చాను. దాణా గుంపుకు 100 కిలోల లెక్కన కలిపిన మేత ఇది:

1. మొక్కజొన్న 58 కిలోలు.
2. చిక్కుడు జాతి ఎండుమేత ముక్కలు 25 కిలోలు.
3. సోయా చెక్క 14 కిలోలు.
4. సున్నపురాయి పొడి 1.5 కిలోలు.
5. గొర్రెల ఖనిజ మిశ్రమం 1 కిలో.
6. ఉప్పు అర కిలో.

సున్నపురాయి పొడిని ఎవరూ మానేయవద్దు. గింజల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. మొత్తం మేతలో కాల్షియం భాస్వరానికి కనీసం రెండింతలు లేకపోతే విత్తు కొట్టిన పొట్టేళ్లకు మూత్రనాళంలో రాళ్లు ఏర్పడి మూత్రం బిగదీసుకుపోవచ్చు. ఖనిజ మిశ్రమం కూడా గొర్రెల కోసం తయారైనదే కావాలి. పశువులకో కోళ్లకో చేసిన మిశ్రమంలో ఉండే రాగి గొర్రె కాలేయంలో పేరుకుపోయి ప్రాణం తీయగలదు.

గింజ మేత మొదలుపెట్టక ముందే రెండు గుంపులకూ చిటుకు రోగం టీకా రెండు విడతలుగా వేయించాను. పిండిపదార్థం పేగులోకి ఒక్కసారిగా ఎక్కువగా చేరినప్పుడు ఆ రోగాన్ని కలిగించే క్లాస్ట్రిడియం సూక్ష్మజీవి విజృంభిస్తుంది. అది చంపేది కూడా బాగా తిని బలిసిన పిల్లలనే.

తూకం దగ్గర మొదటి చిక్కు వచ్చింది. వేలాడే కాటాతో సాయంత్రాలు తూచినప్పుడు పచ్చిక గుంపు బరువులు ఒక వారం నుంచి మరో వారానికి కిలోకు పైగా ఎగుడుదిగుడుగా వచ్చాయి. కడుపు నిండా పచ్చిక, నీరు ఉన్న గొర్రె బరువులో ఆ నిండుదనమే పెద్ద వాటా. అందువల్ల రాత్రంతా మేత తీసివేసి, ఉదయం మేపుకు వదలకముందు ఒకే వేళకు తూచడం మొదలుపెట్టాను. ఈ డైరీలోని బరువులన్నీ అలా తీసినవే. అంతకు ముందు తూకాలను లెక్క నుంచి తొలగించాను.

ప్రారంభ సగటు: పచ్చిక గుంపు 18.1 కిలోలు, దాణా గుంపు 18.2 కిలోలు.

దశ 2: గింజకు అలవాటు చేయడం, మొదటి వైఫల్యం

మొక్కజొన్నను మొదట పిండిలా మరపట్టించి, వారం రోజుల్లో పూర్తి మోతాదుకు తీసుకువెళ్లే పద్ధతి అనుసరించాను. వారం ముగియకముందే దాణా గుంపులో సగానికి సగం తొట్టి దగ్గరకు రావడం మానేశాయి. గుండ్రంగా, విడివిడిగా ఉండవలసిన పెంటికలు బూడిదరంగు ముద్దగా మారి పుల్లని వాసన వేశాయి. ఎడమ డొక్క మీద అరచేయి పెడితే ఎప్పుడూ తగిలే కదలిక చాలా మందగించింది. ఒక పిల్ల ముందుకాళ్లు జాగ్రత్తగా ఆనిస్తూ కుంటసాగింది. దాని గిట్టలు తాకితే వేడిగా ఉన్నాయి.

ఇది గింజ వల్ల వచ్చే ఆమ్లత్వం. నెమరువేసే జంతువు పెద్దపొట్టలో పీహెచ్ సాధారణంగా 6కు, 7కు మధ్య ఉంటుంది. పీచు మేతను జంతువు చాలాసేపు నములుతుంది, ఆ నమలడంలో ఊరే లాలాజలంలోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని చల్లారుస్తుంది. పిండి చేసిన గింజకు నమలే పనే లేదు. దాని పిండిపదార్థం చాలా త్వరగా సూక్ష్మజీవుల చేతికి చిక్కి, లాక్టిక్ ఆమ్లంతో సహా ఆమ్లాలన్నీ ఒక్కసారిగా పోగవుతాయి. పీహెచ్ 5.5 కంటే దిగితే పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులు తగ్గిపోతాయి, 5 దగ్గరకు చేరితే పొట్ట గోడ దెబ్బతింటుంది. ఆ గాయం నుంచి రక్తంలో చేరే సూక్ష్మజీవులు కాలేయంలో చీముగడ్డలు కడతాయి. గింజతో వేగంగా బలిపించిన పశువుల కాలేయాలు కోత తరువాత తనిఖీలో తిరస్కరణకు గురి కావడానికి ఇది ముఖ్యమైన కారణం. మాంసం గురించి మాట్లాడేవారు ఈ సంగతిని దాటవేయకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే తినేవారికి కనబడే ముక్క వెనుక ఈ బాధ అంతా కనబడకుండానే జరుగుతుంది.

పశువైద్యుడి సలహాతో గింజ పూర్తిగా ఆపి, ఎండుమేత మాత్రమే ఇచ్చి, పెంటికలు మామూలుగా మారిన తరువాత కింది పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టాను:

1. మొక్కజొన్నను ఒక్కొక్క గింజ మూడు నాలుగు ముక్కలయ్యేలా నూకగా మాత్రమే ఆడించాలి.
2. ప్రతి పూటా ముందు ఎండుమేత వేయాలి. అది సగం తిన్న తరువాతే గింజ తొట్టిలో పోయాలి.
3. తలకు రోజుకు 100 గ్రాముల గింజతో ప్రారంభించి, దానిని రెండు పూటలుగా ఇవ్వాలి.
4. మూడు రోజులకు ఒకసారి 75 నుంచి 100 గ్రాముల దాకా పెంచాలి. పెంటిక మెత్తబడితే ఆ రోజు పెంచకూడదు.
5. పూర్తి మోతాదుకు చేరడానికి కనీసం మూడు వారాలు పట్టాలి.

తొట్టి పొడవు కూడా మార్చవలసి వచ్చింది. పొట్టి తొట్టి వల్ల బలమైన రెండు పిల్లలు మిగిలినవాటి వంతు తినేవి, కుంటినది వాటిలో ఒకటి. తలకు 30 సెంటీమీటర్ల చొప్పున చోటు దొరికేలా కొత్త తొట్టి అమర్చాక అన్నీ ఒకేసారి నిలబడి తిన్నాయి.

ఇప్పటివరకు మొత్తం: దాణా గుంపు సగటు 19.1 కిలోలు, తలకు తిన్న మేత 17 కిలోలు. పచ్చిక గుంపు సగటు 20.0 కిలోలు. ఈ దశలో పచ్చిక గుంపే ముందుంది.

దశ 3: పచ్చిక ఎండిపోవడం

దాణా గుంపు కుదురుకున్న సమయానికి పచ్చికలో ఆకు తగ్గి, కాడ పెరిగి, ఎండు భాగం ఎక్కువైంది. ఈ మార్పు బరువుకన్నా మాంసానికే ఎక్కువ ముఖ్యం. ఆకుపచ్చని ఆకులోని కొవ్వు చాలా కొద్ది, పొడి బరువులో రెండు మూడు శాతం మాత్రమే. కానీ ఆ కొద్ది కొవ్వులో సగానికి పైగా ఆల్ఫా-లినోలెనిక్ ఆమ్లం, అంటే ఒమేగా-3 కుటుంబానికి మూలమైన ఆమ్లం. ఆకులోని పత్రహరితం ఉండే పొరలలోనే అది ఉంటుంది కాబట్టి ఆకు ముదిరి ఎండేకొద్దీ అది కూడా తరిగిపోతుంది. మొక్కజొన్న గింజ కొవ్వులో సగానికి పైగా ఉండేది లినోలిక్ ఆమ్లం, అంటే ఒమేగా-6.

దీనివల్ల తేలేది ఏమిటంటే, ఎండిన పాలిపోయిన గడ్డి మేసిన గొర్రెను కూడా పచ్చిక గొర్రె అనే పిలుస్తారు గానీ దాని మాంసంలో పచ్చిక తాలూకు లక్షణాలు పూర్తిగా ఉండవు. పోలిక న్యాయంగా ఉండాలంటే పచ్చదనాన్ని నిలబెట్టాలి. అందుకు మేపు నేలను కదిలించగలిగే కంచెతో చిన్న పట్టీలుగా విభజించి, నీరు పెట్టి, గడ్డి జానెడు ఎత్తుకు ఎదిగిన పట్టీలోకి మాత్రమే వదిలి, నాలుగు వేళ్ల ఎత్తు మిగిలి ఉండగానే తరువాతి పట్టీకి మార్చాను. కింది భాగం మేయనీయకపోవడంలో మరొక లాభం ఉంది. పొట్ట పురుగుల పిల్లలు ఎక్కువగా నేలకు దగ్గరగా, గడ్డి మొదలు దగ్గరే ఉంటాయి. అయినా ప్రతి తూకం రోజునా కనురెప్పను తిప్పి లోపలి పొర రంగు చూశాను. పాలిపోయిన పొర రక్తం పీల్చే పురుగుకు గుర్తు; అలా కనబడిన ఒక్క పిల్లకు మాత్రమే మందు తాగించాను.

ఇప్పటివరకు మొత్తం: దాణా గుంపు సగటు 25.6 కిలోలు, తలకు తిన్న మేత 55 కిలోలు. పచ్చిక గుంపు సగటు 22.4 కిలోలు.

దశ 4: ఏ రోజున కోయాలి

ఈ ప్రశ్నకు జవాబును బట్టే ఫలితం సగం నిర్ణయమవుతుంది. రెండు గుంపులనూ ఒకే రోజు కోస్తే వయసు సమానం, కానీ పచ్చిక పిల్లలు చిన్నవిగా, కొవ్వు పట్టకముందే ఉంటాయి. ఒకే బరువుకు వచ్చాక కోస్తే బరువు సమానం, కానీ పచ్చికవి వయసులో బాగా పెద్దవవుతాయి. వయసు పెరిగిన కండలో ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ ఎక్కువ, సంధాన కణజాలం గట్టిది, వాసన కూడా ఘాటైనది. ఒక్క పద్ధతే ఎంచుకుంటే మేత చేసినదాన్ని వయసుకు, వయసు చేసినదాన్ని మేతకు అంటగట్టడం తప్పదు.

అందుచేత మూడు రకాల నమూనాలు తీయాలని నిర్ణయించాను. దాణా గుంపు ఆరింటినీ 32 కిలోల దగ్గర కోయించి, అదే రోజున పచ్చిక గుంపు నుంచి చీటీ తీసిన రెండింటిని కోయించాను. ఇవి సమ వయసు నమూనాలు. మిగిలిన నాలుగు పచ్చిక పిల్లలు 32 కిలోలకు చేరేదాకా ఆగాను. వాటికి దాదాపు రెట్టింపు కాలం పట్టింది. కోత, తనిఖీ పశువైద్యుడి పర్యవేక్షణ ఉన్న కబేళాలోనే జరిగాయి.

పట్టిక రూపంలో ఉన్నవాటిని ఇక్కడ వరుసగా ఇస్తున్నాను. మొదటి అంకె దాణా గుంపుది, రెండవది సమ బరువు పచ్చికది, మూడవది సమ వయసు పచ్చికది.

1. బతికున్న బరువు: 32.1, 32.0, 25.0 కిలోలు.
2. తోలు, తల, కాళ్లు, పేగులు తీసిన తరువాత బరువు: 15.4, 14.1, 10.5 కిలోలు.
3. మాంసపు దిగుబడి: 48, 44, 42 శాతం.
4. మూత్రపిండాల చుట్టూ కొవ్వు: 390, 170, 80 గ్రాములు.
5. పన్నెండవ పక్కటెముక దగ్గర చర్మం కింద కొవ్వు మందం: 5, 2, 1 మిల్లీమీటరు.

దాణా గుంపు మొత్తం మేత లెక్క: తలకు 96 కిలోలు, అందులో మొక్కజొన్న సుమారు 51 కిలోలు. పెరిగిన బరువు 13.9 కిలోలు కాబట్టి, పెరిగిన ప్రతి కిలోకు మేత 6.9 కిలోలు, మొక్కజొన్న ఒక్కటే 3.7 కిలోలు ఖర్చయింది. మొదటి వైఫల్యంలో పోయిన మేత కూడా ఇందులో ఉంది. దానిని తీసివేసి చూపిస్తే అంకె అందంగా కనిపిస్తుంది గానీ ఈ పని చేయబోయేవారికి అక్కరకు రాదు.

దశ 5: కండలో కొవ్వు, నీరు

మొదట మాంసం నమూనాలు కొన్నింటిని భుజం నుంచి, కొన్నింటిని తొడ నుంచి తీశాను. ఒకే గొర్రె భుజం, తొడల మధ్య ఉన్న తేడా రెండు గుంపుల మధ్య తేడాను మింగేసింది. ఆ తరువాత ప్రతి జంతువులోనూ పన్నెండు, పదమూడు పక్కటెముకల మధ్య వెన్నుకండనే, బయటి కొవ్వు మొత్తం గీసివేసి, ఒకే మందంతో కోసి తీసుకున్నాను. మాంస పరిశోధనలో ఇదే అలవాటైన చోటు.

నీటిని ఇంట్లోనే కొలవవచ్చు. సన్నగా తరిగిన 10 గ్రాముల మాంసాన్ని 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండు తూకాల మధ్య తేడా రాని వరకు ఆరబెడితే చాలు. కొవ్వును ద్రావణితో లాగి తీసే సాక్స్‌లెట్ పద్ధతిలో ప్రయోగశాలలో కొలిపించాను. వరుస మళ్లీ అదే: దాణా, సమ బరువు పచ్చిక, సమ వయసు పచ్చిక.

1. కండలోని కొవ్వు: 4.1, 2.4, 1.7 శాతం.
2. నీరు: 73.1, 75.0, 75.8 శాతం.
3. మాంసకృత్తులు: 21.6, 21.5, 21.4 శాతం.

మాంసకృత్తుల వరుసను చూడండి, అక్కడ కదలికే లేదు. గింజ మార్చినది కొవ్వును. కొవ్వు ఎంత చేరితే నీరు అంత తగ్గింది. శరీరంలో కొవ్వు చేరే క్రమం కూడా ఇందులో కనబడుతుంది. మొదట లోపలి అవయవాల చుట్టూ, తరువాత కండల మధ్య, చర్మం కింద, చిట్టచివరగా కండ లోపల అది పేరుకుంటుంది. కండలో తెల్లని సన్నని గీతలు రావాలని కోరేవారు ఆ గీతల కోసం మూత్రపిండాల చుట్టూ ముద్దలు ముద్దలుగా పారవేయవలసిన కొవ్వును కూడా మేపక తప్పదు.

దశ 6: నివేదిక శాతాల్లో రావడం

కొవ్వు ఆమ్లాల కోసం నమూనాలను గాలి తీసిన సంచుల్లో, వెలుతురు తగలకుండా గడ్డకట్టించి గ్యాస్ క్రొమటోగ్రఫీ చేసే ప్రయోగశాలకు పంపాను. వచ్చిన మొదటి నివేదికలో ప్రతి ఆమ్లం, మొత్తం కొవ్వు ఆమ్లాలలో ఎంత శాతమో మాత్రమే ఉంది. ఆ కాగితం ప్రకారం సంతృప్త కొవ్వు ఆమ్లాలు దాణా మాంసంలో 44 శాతం, సమ బరువు పచ్చిక మాంసంలో 47 శాతం. చదివినవారు పచ్చిక మాంసంలోనే సంతృప్త కొవ్వు ఎక్కువ అనుకుంటారు. తినే మనిషి శాతాన్ని తినడు, ముక్కను తింటాడు. ఒక ముక్కలో మొత్తం కొవ్వు రెండో దానికంటే చాలా ఎక్కువగా ఉన్నప్పుడు, శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

అందుకని నమూనాలను మళ్లీ చేయించాను. ఈసారి ప్రతి నమూనాకూ తెలిసిన బరువులో ఒక ప్రామాణిక ఆమ్లాన్ని ముందే కలిపితే, దానితో పోల్చి మిగిలినవాటిని మిల్లీగ్రాముల్లో లెక్కగట్టవచ్చు. ఇక్కడ తప్పనిసరిగా అడగవలసిన సంగతి ఒకటుంది. ఇతర నూనెల పరీక్షల్లో 17 కార్బన్ల హెప్టాడెకనోయిక్ ఆమ్లాన్ని ప్రమాణంగా వాడడం మామూలు. నెమరువేసే జంతువుల కొవ్వులో అది సహజంగానే ఉంటుంది, పైగా గింజ మేపిన గొర్రెలో మరింత ఎక్కువ. దానిని ప్రమాణంగా కలిపితే లెక్క దాణా గుంపు వైపే తప్పుతుంది. 19 కార్బన్ల ఆమ్లాన్ని వాడమని ముందే చెప్పాలి.

రెండవ నివేదిక, 100 గ్రాముల పచ్చి వెన్నుకండలో మిల్లీగ్రాములు, దాణా తరువాత సమ బరువు పచ్చిక:

1. మొత్తం కొవ్వు ఆమ్లాలు: 3,600, 2,050.
2. సంతృప్త ఆమ్లాలు: 1,580, 960.
3. ఒమేగా-6 మొత్తం: 220, 125.
4. ఒమేగా-3 మొత్తం: 38, 90.
5. అందులో ఈపీఏ, డీహెచ్‌ఏ (పొడవు గొలుసు ఒమేగా-3 ఆమ్లాలు) కలిపి: 10, 25.
6. సంయుగ్మ లినోలిక్ ఆమ్లం (నెమరువేసే జంతువుల కొవ్వులో కనబడే, లినోలిక్ ఆమ్లానికి మరో రూపం): 14, 23.

ఒమేగా-6కు, ఒమేగా-3కి నిష్పత్తి దాణా మాంసంలో 5.8, పచ్చిక మాంసంలో 1.4. ఇది కొట్టవచ్చినట్లు కనిపించే తేడా, గొర్రెలో కూడా పశువులో కూడా ఇతరులు చూపిన దిశలోనే ఉంది. అదే పట్టికలోని ఐదవ వరుసను చూస్తే మరో సంగతి తెలుస్తుంది. పెద్దలకు రోజుకు ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి 250 మిల్లీగ్రాములు తగినంత అని యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2010లో పేర్కొన్నది. ఆ మోతాదు పచ్చిక గొర్రె మాంసం నుంచే రావాలంటే రోజుకు కిలో తినాలి. కొవ్వు ఎక్కువగా ఉండే సముద్రపు చేప 100 గ్రాముల్లో అంతకు ఎన్నో రెట్లు దొరుకుతుంది. కాబట్టి ఒమేగా-3 కోసమే పచ్చిక మాంసం తినమని ఎవరికీ నేను చెప్పలేను. సంతృప్త కొవ్వు 100 గ్రాముల మాంసానికి 600 మిల్లీగ్రాముల పైచిలుకు తగ్గడం అంతకంటే పెద్ద మార్పు. అదికూడా బయటి కొవ్వును గీసివేసిన తరువాత లెక్క. 5 మిల్లీమీటర్ల పొరను ఉంచి వండితే తేడా ఇంకా పెరుగుతుంది.

పచ్చికలో అంత లినోలెనిక్ ఆమ్లం ఉన్నా మాంసంలోకి ఇంత కొద్దిగానే ఎందుకు చేరుతుందన్నది అడగదగిన ప్రశ్న. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు అసంతృప్త ఆమ్లాలను హైడ్రోజన్‌తో నింపి, చాలా భాగాన్ని స్టియరిక్ అనే సంతృప్త ఆమ్లంగా మారుస్తాయి. తప్పించుకున్న కొద్ది భాగమే రక్తంలోకి వస్తుంది. ఆ మార్పు మధ్యలో ఆగినప్పుడు పుట్టే వాక్సెనిక్ ఆమ్లం నుంచి జంతువు కణజాలం సంయుగ్మ లినోలిక్ ఆమ్లాన్ని తయారుచేసుకుంటుంది. పందికి, కోడికి ఈ పొట్ట లేదు. అవి తిన్న కొవ్వు స్వభావం దాదాపు అలాగే వాటి కొవ్వులో కనబడుతుంది, కనుక ఈ అంకెలను వాటికి వర్తింపజేయకూడదు.

దశ 7: రంగు, నిల్వ

ఈ విషయంలో చాలామంది కొవ్వు పసుపు రంగును గుర్తుగా చూస్తారు. పచ్చికలోని కెరోటిన్ ఆవు కొవ్వులో చేరి దానిని పసుపు చేస్తుంది. గొర్రె కొవ్వులో కెరోటిన్ నిలవదు. రెండు గుంపుల కొవ్వునూ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి చూశాను, రంగును బట్టి ఏది ఏదో చెప్పలేకపోయాను. ఈ పరీక్షను వదిలివేశాను.

కండ రంగు మాత్రం మాట్లాడింది. రెండు గుంపుల మాంసం పీహెచ్ కోసిన మరుసటి రోజుకు 5.6 దగ్గరే స్థిరపడింది కాబట్టి రంగు తేడాకు పీహెచ్ కారణం అన్నదాన్ని పక్కన పెట్టవచ్చు. ఒకే మందం ముక్కలను 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పలుచని పొర కప్పి, ఒకే దీపం కింద ఉంచి ప్రతిరోజూ ఒకే వేళకు ఫొటో తీశాను. దాణా ముక్కల అంచున నాలుగో రోజున గోధుమరంగు సన్నని గీతగా మొదలై, మరునాటికి లోపలికి వేలెడు వెడల్పున పాకింది. పచ్చిక ముక్కలు అప్పటికి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వాటి అంచు మారడానికి మరో రెండు రోజులు పట్టింది. మయోగ్లోబిన్ ఆక్సీకరణ చెందడమే ఆ గోధుమరంగు. దానిని ఆలస్యం చేసేది పచ్చని ఆకులో సమృద్ధిగా ఉండే విటమిన్-ఈ. కొలిపిస్తే దాణా మాంసంలో కిలోకు 0.9 మిల్లీగ్రాములు, పచ్చిక మాంసంలో 3.6 మిల్లీగ్రాములు వచ్చింది. పచ్చిక మాంసంలో త్వరగా పాడయ్యే అసంతృప్త ఆమ్లాల వాటా ఎక్కువగా ఉన్నప్పటికీ అదే ఎక్కువకాలం నిలిచింది. విటమిన్-ఈని దాణాలో కలిపి కూడా ఈ ఫలితాన్ని చాలావరకు తేవచ్చు, అందువల్ల దీనిని గింజ లోపంగా కాక విటమిన్ లోపంగా రాసుకోవాలి.

వండినప్పుడు బరువు తగ్గడం దాణాకు 24 శాతం, పచ్చికకు 26 శాతం. ఇంత కొద్ది నమూనాల్లో ఈ తేడా మీద ఏమీ కట్టకూడదు.

దశ 8: రుచి పరీక్ష

ఎవరికి ఏది ఇష్టం అన్న ప్రశ్న అడగలేదు, ఎందుకంటే ఇష్టం అలవాటును బట్టి ఉంటుంది. తేడా గుర్తుపట్టగలరా అన్నది మాత్రమే పరీక్షించాను. పద్ధతి ఇది:

1. మాంసాన్ని ముక్కలుగా కొట్టి, ఏమీ కలపకుండా, లోపలి వేడి 70 డిగ్రీలు చేరేవరకు వండాలి.
2. మూత ఉన్న మూడు గిన్నెలు ఇవ్వాలి. రెండింటిలో ఒకే మాంసం, ఒకదానిలో వేరొకటి.
3. వేరైన గిన్నె ఏదో చెప్పమనాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు జవాబులు సరైనవే అవుతాయి.

కొవ్వు మొత్తం తీసిన కండతో 18 పరీక్షల్లో 7 సరైనవి వచ్చాయి. గుడ్డిగా చెప్పినా 6 వచ్చేవి. అదే కండకు అదే గుంపు కొవ్వును కరిగించి వందకు పది చొప్పున కలిపినప్పుడు 18లో 14 సరైనవి వచ్చాయి. 18కి 10 దాటితే యాదృచ్ఛికం అనడం కష్టం. మేత తాలూకు రుచి ప్రధానంగా కొవ్వులోనే ఉందని దీని అర్థం.

పచ్చిక కొవ్వును కరిగించినప్పుడు పశువుల కొట్టం వాసన తగిలింది. పచ్చి ఆకులోని మాంసకృత్తులను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు ట్రిప్టోఫాన్ నుంచి పుట్టే స్కాటోల్ దానికి ముఖ్య కారణం. దాణా కొవ్వు వాసన వేరు, మెత్తదనం కూడా వేరు. గది వేడిలోనే అది వేలికి జిడ్డుగా అంటుకుంది. గింజ నుంచి పొట్టలో ప్రొపియోనిక్ ఆమ్లం కాలేయం మార్చగలిగినదానికంటే ఎక్కువగా తయారైనప్పుడు, గొర్రె దానితో కొమ్మలున్న, బేసి కార్బన్ల కొవ్వు ఆమ్లాలను కడుతుంది. అవి తక్కువ వేడికే కరుగుతాయి. రెండు మేతలూ వాసనను ఇస్తాయి, ఇచ్చే వాసనలే వేరు. సమ వయసు పచ్చిక నమూనాల్లో కొట్టం వాసన బాగా తక్కువగా ఉండడం గమనించాను. అంటే సమ బరువు పచ్చిక మాంసపు ఘాటులో కొంత వాటా వయసుది.

దశ 9: రెండవ విడతలో మార్పులు

1. మూడు గుంపులు ఉంటాయి: పూర్తి పచ్చిక, పచ్చిక మీద పెరిగి చివరి ఐదు వారాలు మాత్రమే గింజ తినేవి, మొదటి నుంచీ దాణా తిని, అందులో నలగగొట్టిన అవిసెలు 6 శాతం తీసుకునేవి. అవిసె నూనెలో సగానికి పైగా లినోలెనిక్ ఆమ్లమే. అంతకన్నా ఎక్కువ కలిపితే మేతలో మొత్తం కొవ్వు పెరిగి పీచు జీర్ణం మందగిస్తుంది.
2. దాణాలో మొదటినుంచే విటమిన్-ఈ ఉంటుంది, ఒక చిన్న ఉపగుంపుకు తప్ప.
3. పచ్చిక నుంచి వారానికొకసారి మేసే ఎత్తులో ఆకు కోసి, ఆకు, కాడ, ఎండు భాగాలను విడదీసి తూస్తున్నాను. మొదటి విడతలో పచ్చదనాన్ని కంటితోనే అంచనా వేశాను.
4. ప్రయోగశాలకు ఇచ్చే కాగితంలో మిల్లీగ్రాముల లెక్క, 19 కార్బన్ల ప్రమాణం రెండూ ముందే రాసి ఉన్నాయి.

ఇప్పటివరకు మొత్తం: మూడు గుంపుల ప్రారంభ సగటు 18.0 నుంచి 18.4 కిలోల మధ్య ఉంది. అవిసెల గుంపు నెమ్మది పద్ధతిలో పూర్తి మోతాదుకు చేరింది, పెంటికలు ఒక్కరోజు కూడా మెత్తబడలేదు, తలకు తిన్న మేత 14 కిలోలు. రెండవ గుంపు ఇంకా పచ్చిక మీదనే ఉంది. అది 26 కిలోలు దాటిన రోజున తలకు 100 గ్రాముల నూకతో గింజ మొదలవుతుంది. ప్రతి నమూనాను ఈసారి రెండు భాగాలు చేసి, ఒకదానిని ప్రయోగశాలకు పంపి, రెండవదానిని అంకెల్లో అనుమానం వస్తే మళ్లీ కొలిచేందుకు గడ్డకట్టించి ఉంచుతాను.